ఇంటివారెవరు?

రేపల్లె పాసెంజరు తెనాలి స్టేషన్లో కదలడానికి ఇంకా పావుగంట వుంది. కిటికీ పక్క సీటు దొరికిందన్న సంతోషంలో నేనుండగా, ఒక పెద్దావిడ వచ్చి ఎదురుగా కూర్చుని, సంచులు సర్దుకుని, పమిట చెంగుతో చెమట తుడుచుకుని "ఏ వూరు వెళ్తున్నావమ్మా?" అని మొదలుపెట్టారు. మన రైళ్ళలో ఆ ప్రశ్న వేశాక అయిదు నిమిషాల్లో ఇంటిపేర్లదాకా వెళ్ళడం మామూలే గదా! ఆవిడది రేపల్లె. హైదరాబాదులో కొడుకు దగ్గర నెల్లాళ్ళుండి తిరిగి వస్తున్నారు.

"మావాడు వాళ్ళ ఆఫీసు చూపించాడమ్మా. ఎంత మేడనుకున్నావ్! పైదాకా చూసేసరికి మెడ నొప్పెట్టింది. గోడన్నది లేదు, అంతా అద్దమే. 'ఒరే, ఇంతకీ ఇంటివారెవర్రా?' అనడిగాను. తెల్లమొహం వేశాడు. 'మా కంపెనీ అద్దెకుంటోందమ్మా' అంటాడేగానీ ఎవరికిస్తున్నారో చెప్పలేడు. వాడి పై ఆఫీసరుకీ తెలీదట! ఇంటివారెవరో తెలియని కొంపలో మనుషులు ఎలా వుంటారమ్మా?"

నాకు నవ్వొచ్చింది. కాని, నవ్వి వూరుకునే ప్రశ్న కాదది. తెనాలిలో మారిసుపేటలోనో బోసు రోడ్డులోనో ఏ మేడ ముందు నిలబడి అడిగినా, అది ఎవరిదో, వాళ్ళ తాతగారు ఏ యేడు పసుపు ధర పలికినప్పుడు కట్టించారో, అన్నదమ్ముల పంపకాల్లో ఎవరి వాటాకి వచ్చిందో పక్క కిళ్ళీ కొట్టు అబ్బాయి చెప్పేస్తాడు. మన లెక్కలో ఇల్లంటే ఒక మనిషి. అద్దెకుండేవాళ్ళకి ఆ మనిషి మంచివాడా, గొణుగుడు మనిషా అన్నది కూడా తెలుస్తుంది. హైదరాబాదు అద్దాల మేడకి ఆ మనిషి ఏడీ?

"కనుక్కుని చెబుతాను పిన్నిగారూ" అని మాటిచ్చేశాను. నవల రాసుకునే దాన్ని, నాకెందుకీ తద్దినం అని తర్వాత అనిపించింది కూడా. కాని, చదువుతూ పోతే ఒక చిత్రం తేలింది. ఈ వ్యాపారం నడక తెలుసుకోవాలంటే ముందు హైదరాబాదు వెళ్ళనక్కర్లేదు. ఆవిడ వూరికి దగ్గర్లోనే వున్న నిజాంపట్నం వెళితే చాలు. అయితే, నాలుగు వందల యేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

1611 ఆగస్టులో నిజాంపట్నం ఎదుట సముద్రంలో ఒక ఇంగ్లీషు ఓడ లంగరు వేసింది. దాని పేరు 'గ్లోబు'. భూగోళమన్నమాట! గ్లోబల్ కంపెనీ అన్న మాట పుట్టక ముందే గ్లోబు అనే ఓడే మన రేవుకొచ్చింది చూడండి. కెప్టెను ఆంథొనీ హిప్పన్. అంతకు ముందు డచ్చివారి కొలువులో పనిచేసి ఈ తీరం ఆనుపానులు ఎరిగిన ఫ్లోరిస్, ఆంథూనిస్ అనే ఇద్దరు వర్తకుల్ని వెంటబెట్టుకొచ్చారు. డచ్చివారు 1606లోనే అక్కడ కొట్టు తెరిచి కూర్చున్నారు. పక్కనున్న పెదపల్లి పేరు నోరు తిరక్క, వీళ్ళంతా ఆ రేవుని 'పెట్టపోలి' అని రాసుకున్నారు. హైదరాబాదు నగరం కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా అప్పటికింకా గోల్కొండ నేలుతున్నాడు. ఈ రేవు కూడా ఆయన రాజ్యంలోదే.

వాళ్ళకి కావలసింది మన నూలు గుడ్డలు. ముఖ్యంగా, చిరివేరుతో అద్దిన ఎర్రరంగు గుడ్డలు. ఆ తీరపు ఇసక నేలల్లో దొరికే చిరివేరు ఎరుపుకి తూర్పు దీవులదాకా పేరుండేది. ఆ గుడ్డలు అక్కడమ్మి మిరియాలు, సుగంధద్రవ్యాలు కొనడం వాళ్ళ పద్ధతి.

ఇదంతా బడిలో చదువుకున్న చరిత్రే. మనకు బడిలో చెప్పనిది ఆ ఓడ వెనకున్న డబ్బు సంగతి. 1600 ఆఖరి రోజున పుట్టిన ఈస్టిండియా కంపెనీకి మొదట్లో నిలవ మూలధనమంటూ వుండేది కాదు. ఒక్కొక్క ప్రయాణానికి ఒక్కొక్క చందా. లండన్లో డబ్బున్నవాళ్ళు "ఈ ఓడకి నా వాటా ఇంత" అని రాసి ఇస్తారు. ఓడ వెళ్ళి, సరుకు కొని, అమ్మి, తిరిగి వచ్చాక అసలూ లాభమూ పంచేసుకుని ఆ ఖాతా మూసేస్తారు. గ్లోబుది ఏడో ప్రయాణం. 1611 మొదట్లో బయల్దేరి నిజాంపట్నం, మచిలీపట్నం, జావా, పటానీ, సయాం తిరిగి 1615లో ఇల్లు చేరింది. కెప్టెను హిప్పన్ మాత్రం దారిలోనే, 1612లో పటానీలో చనిపోయాడు. పెట్టుబడికి రెండింతల పైన లాభం వచ్చిందట. ఆ లాభం జేబులో వేసుకున్న వాళ్ళలో ఎంతమందికి నిజాంపట్నం ఏ దిక్కునుందో తెలుసంటారు?

నాలుగు సంగతులు గుర్తుంచుకోండి. డబ్బు ఒకళ్ళది, పెత్తనం ఇంకొకళ్ళది. పనికి ఒక గడువుంది. స్థానికంగా మాట నడిపే మనిషి కావాలి, ఆ రోజుల్లో వాళ్ళని దుబాసీలనేవారు. నాలుగోది, వచ్చిన రోజునే తిరిగి వెళ్ళే రోజు కూడా మనసులో వుంటుంది. ఇంకో చిన్న సరదా. పాలకులు ఇచ్చే ఒప్పందపు కాగితాన్ని ఇంగ్లీషువాళ్ళు తమ కాగితాల్లో 'కౌల్' అని రాసుకున్నారు. మనం పొలం కౌలుకిచ్చామంటామే, ఆ కౌలే!

మా రైలు కదిలింది. తెనాలి నుంచి రేపల్లెకి వెళ్ళే ఆ పట్టాలు కూడా ఇలాంటి దూరపు డబ్బు కథలోవే. 1916లో ఆ లైను వేసిన మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే కంపెనీ హెడ్డాఫీసు లండన్లో వుండేది. 1944లో ప్రభుత్వం తీసుకునేదాకా మన టిక్కెట్టు డబ్బుల్లో కొంత సముద్రాలు దాటేది.

ఇహ పిన్నిగారి అద్దాల మేడకి వద్దాం.

న్యూయార్కులో బ్లాక్‌స్టోన్ అనే సంస్థ వుంది. 1985లో ఇద్దరు స్నేహితులు నాలుగు లక్షల డాలర్లతో మొదలుపెట్టారు. ఒకరి పేరులో జర్మను భాషలో 'నల్ల', ఇంకొకరి పేరులో గ్రీకు భాషలో 'రాయి' అర్థాలున్నాయని, రెండూ కలిపి నల్లరాయి అని పేరు పెట్టుకున్నారు. 1991 నుంచి కట్టడాల వ్యాపారంలోకి దిగారు. అదే వూళ్ళో 1978లో టిష్మన్, స్పయర్ అనే మామా అల్లుళ్ళు ఇంకో సంస్థ పెట్టారు. 2005లో మన దేశం కట్టడాల రంగంలోకి విదేశీ పెట్టుబడికి తలుపులు బార్లా తెరిచాక ఇలాంటివాళ్ళు ఇక్కడికీ వచ్చారు. హైదరాబాదు నానక్‌రామ్‌గూడలో అలలాగా వంపు తిరిగిన 'వేవ్‌రాక్' అనే పెద్ద మేడ వుంది చూడండి, అది ఆ మామా అల్లుళ్ళ సంస్థ కట్టించిందే. 20 లక్షల చదరపుటడుగుల పైమాటే. 2016లో ఆపిల్ కంపెనీ తన మ్యాపుల ఆఫీసు అందులోనే పెట్టింది. 2019లో ఆ మేడని, జర్మనీ ఇన్సూరెన్సు కంపెనీ అలియాంజ్, మన షాపూర్జీ పల్లోంజీ వాళ్ళూ కలిసి నడిపే ఫండు కొనేసింది. ధర సుమారు 1,800 కోట్లని పత్రికలు రాశాయి. లోపల కూర్చుని పనిచేసేవాళ్ళకి కుర్చీ కదల్లేదు, కాఫీ మిషను మారలేదు. ఇంటివారు మాత్రం మారిపోయారు!

ఇలాంటి సంస్థలు ఎలా నడుస్తాయో మన చీటీల భాషలో చెప్పుకుందాం. చీటీ పాడే అమ్మకి చీటీ సొమ్మంతా తనది కాదు గదా? పదిమంది దగ్గర వసూలు చేసి నడుపుతుంది, కమిషన్ తీసుకుంటుంది. ఈ సంస్థ చేసేదీ అదే. దానికి చీటీ కట్టేవాళ్ళు ఎవరంటే, అమెరికాలో టీచర్ల పింఛను నిధులు, ప్రభుత్వోద్యోగుల పింఛను నిధులు, ఇన్సూరెన్సు కంపెనీలు, కొన్ని దేశాల ప్రభుత్వాలు. చీటీ గడువు సాధారణంగా పదేళ్ళు. మొదటి నాలుగైదేళ్ళు మేడలు కొంటారు లేదా కట్టిస్తారు. తర్వాత అమ్ముకుంటూ వస్తారు. నడిపినందుకు ఏటా నూటికి ఒకటిన్నరో రెండో కమిషను. మదుపుదార్లకి ముందుగా ఒప్పుకున్న ఎనిమిది శాతమో ఎంతో లాభం ముట్టాక, మిగిలిన దాంట్లో అయిదో వంతు సంస్థది. ఇది వాడుకలో వున్న పద్ధతి. అంకెలు అటూ ఇటూ అవుతాయి.

మేడకి ధర ఎలా కడతారన్నది నన్ను ఆశ్చర్యపరిచింది. మనమైతే గజమెంత, టేకు తలుపులా, వాస్తు కుదిరిందా అని చూస్తాం. వాళ్ళు అద్దె చూస్తారు. ఏడాదికి ఎనిమిది లక్షలు అద్దె వచ్చే చోటు, ఎనిమిది శాతం గిట్టుబాటు చాలనుకుంటే, కోటి రూపాయలు. అద్దె ఒక్క లక్ష పెంచగలిగితే మేడ విలువ పన్నెండున్నర లక్షలు పెరిగినట్టే! అంచేత వాళ్ళ కళ్ళన్నీ అద్దెకుండేవాడి మీదే వుంటాయి. మన ఇళ్ళకి పదకొండు నెలల కాగితం రాసుకుంటాం. వాళ్ళది తొమ్మిదేళ్ళ ఒప్పందం, మొదటి మూడేళ్ళు కదలకూడదు, మూడేళ్ళకోసారి అద్దె పదిహేను శాతం పెరగాలి - ఇదీ మన దేశంలో సాధారణంగా వుండే వరస. కొనేముందు లింకు డాక్యుమెంట్లు, ఈసీలు లాయర్లు భూతద్దం పెట్టి చూస్తారు. స్థానిక బిల్డరు, బ్రోకర్లు, లాయర్లు వీళ్ళే ఈనాటి దుబాసీలు.

ఇహ అప్పు. సగమో ఇంకా ఎక్కువో బ్యాంకు డబ్బే. ఎందుకో చిన్న లెక్క. తెనాలిలో ఒక షాపుని సొంత డబ్బు యాభై లక్షలూ పెట్టి కొని అరవైకి అమ్మితే లాభం నూటికి ఇరవై. అదే, సొంతం ఇరవై, అప్పు ముప్ఫై పెట్టి కొని అరవైకి అమ్మితే, అప్పు తీర్చగా చేతిలో ముప్ఫై. వడ్డీ సంగతి పక్కన పెడితే లాభం నూటికి యాభై! బావుంది గదూ? కాని షాపు ధర నలభైకి పడిపోతే? అప్పు ముప్ఫై పోను మిగిలేది పది. మన ఇరవైలో సగం గంగలో కలిసినట్టే.

గంగలో కలిసిన కథ నిజంగా జరిగింది, అదీ న్యూయార్కులోనే. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయిల సంసారాలకని ఒక ఇన్సూరెన్సు కంపెనీ 1947లో కట్టించిన పెద్ద కాలనీ వుంది, స్టయివెసెంట్ టౌను. దాన్నీ పక్క కాలనీనీ కలిపితే 11 వేల పైచిలుకు ఫ్లాట్లు. టీచర్లు, నర్సులు, గుమాస్తాలు తక్కువ అద్దెకి కాపురాలుండేవారు. 2006లో టిష్మన్ స్పయర్, బ్లాక్‌రాక్ అనే ఇంకో సంస్థా కలిసి దాన్ని 540 కోట్ల డాలర్లకి కొన్నారు. పాతవాళ్ళు ఖాళీ చేసిన కొద్దీ అద్దె పెంచవచ్చునని వాళ్ళ లెక్క. అద్దెకున్నవాళ్ళు కోర్టుకెళ్ళారు. పన్ను రాయితీ తీసుకుంటూ ఆ అద్దెలు అలా పెంచడం చెల్లదని 2009లో న్యూయార్కు పై కోర్టు తేల్చింది. అప్పటికే ఆస్తుల ధరలు కుప్పకూలాయి. 2010 జనవరిలో కాలనీని అప్పులవాళ్ళకి అప్పగించి చేతులు దులుపుకున్నారు.

ఆ రెండు సంస్థలూ సొంతంగా పెట్టింది చెరి 11 కోట్ల డాలర్ల చిల్లర. కాలిఫోర్నియా ప్రభుత్వోద్యోగుల పింఛను నిధి ఒక్కటే పోగొట్టుకున్నది 50 కోట్ల డాలర్లు! ఒక రాష్ట్రంలో గుమాస్తాల వృద్ధాప్యపు డబ్బుతో, ఇంకో రాష్ట్రంలో గుమాస్తాలకి అద్దె పెంచబోయారన్నమాట. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసి వుండరు. ఇందులో ఎవరు దుర్మార్గులని వెతికితే ఒక మొహం దొరకదు. అదే దీని కష్టం. మన వూళ్ళో ఇంటివారు గట్టిగా మాట్లాడినా, వాళ్ళావిడ దగ్గరికి వెళ్ళి "పిల్లకి పరీక్షలు, రెండు నెలలాగండి వదినగారూ" అని చెప్పుకోవచ్చు. ఫండుకి వదినగారుండదు.

నిజాంపట్నం కథకి కూడా రెండో భాగం వుంది. 2008లో మన రాష్ట్ర ప్రభుత్వమూ, దుబాయి దగ్గరున్న రస్ అల్ ఖైమా అనే చిన్న రాజ్యమూ ఒప్పందం చేసుకుని, వాడరేవు, నిజాంపట్నం రేవులూ, వాటి మధ్య పరిశ్రమలూ వస్తాయని ప్రకటించాయి. వాన్‌పిక్ అని ముద్దుపేరు. తీరం వెంబడి వేల ఎకరాలు చేతులు మారాయి. 2012లో సీబీఐ విచారణ, అరెస్టులు, భూముల వ్యవహారం కోర్టుల పాలు కావడం మీరు పేపర్లలో చదివే వుంటారు. తప్పొప్పులు తేల్చడానికి కోర్టులున్నాయి, నేను కాదు. నేను చూసిందల్లా, అనుకున్న ఆ రేవు అక్కడ రాలేదు. గ్లోబు ఓడ అయినా గుడ్డలకి డబ్బిచ్చి వెళ్ళింది.

ఇంత దూరం మిమ్మల్ని తిప్పడానికి అసలు కారణం రైల్లో పిన్నిగారు కాదు, బాపట్లలో మా పిన్ని.

మా పిన్ని ముప్ఫయ్యేళ్ళు బడిలో లెక్కలు చెప్పి రిటైరయింది. బాబయ్య పోయాక ఒక్కతే వుంటోంది. కొన్నేళ్ళ క్రితం టై కట్టుకున్న ఒక అబ్బాయి రంగురంగుల పుస్తకం పట్టుకుని వచ్చాడు. విదేశీ కంపెనీలు అద్దెకుండబోయే పెద్ద ఆఫీసు మేడట. అందులో వాటా కొంటే, మేడ లేవక ముందు నుంచే లక్షకి నెలకి వెయ్యి చొప్పున 'గ్యారంటీ అద్దె' అట. పిన్ని పది లక్షలిచ్చింది. తొమ్మిది నెలలు ఒకటో తారీఖుకల్లా పదివేలు వచ్చాయి. వాళ్ళమ్మాయితో కూడా చెప్పకుండా దాచుకుని, నాకో చీర పెట్టింది. పదో నెల రాలేదు. పదకొండో నెల ఆ అబ్బాయి ఫోనెత్తలేదు. వెళ్ళి చూస్తే అక్కడ కంపచెట్లూ, ఒక బోర్డూ వున్నాయి.

"ఎన్ని వేలమంది పిల్లలకి వడ్డీ లెక్కలు చెప్పానే! కట్టని ఇంటికి అద్దె ఎవరిస్తారని ఒక్కసారి అనుకోలేదు చూడు" అని ఆవిడ అన్నప్పుడు నా దగ్గర మాట లేదు. ఆ తొంభై వేలూ అద్దె కాదు, ఆవిడ డబ్బే ఆవిడకి చిల్లరగా తిరిగిచ్చారు.

కాలిఫోర్నియాలో పింఛను గుమాస్తా, బాపట్లలో మా పిన్ని ఇద్దరిదీ ఒకటే కోరిక. తను పని చెయ్యలేని రోజుల్లో ఒక మేడ తనకోసం పని చెయ్యాలని. అతనికి దెబ్బ తగిలినా, అతని నిధి ఆ దెబ్బని వందల చోట్ల పెట్టిన డబ్బులో సర్దుకుంది. మా పిన్నికి వున్నది ఒక్క చోటే. పైపెచ్చు, నష్టం వచ్చిందని అతనికి లెక్క చూపించారు. ఈవిడకి చూపించేవాళ్ళు కూడా లేరు.

మన దేశంలో దీనికి కట్టుబాట్లు రాలేదని కాదు. 2014లో సెబీ 'రీట్' అనే ఏర్పాటుకి నియమాలు రాసింది. ఆస్తిలో నూటికి ఎనభై వంతులు కట్టడం పూర్తయి అద్దెలు వస్తున్న మేడలే అయివుండాలి. పంచదగ్గ ఆదాయంలో తొంభై వంతులు వాటాదార్లకి పంచాలి. 2019లో బ్లాక్‌స్టోన్, ఎంబసీ కలిసి మొదటిది తెచ్చాయి. 2020లో వచ్చిన మైండ్‌స్పేస్ రీట్లో మన మాదాపూరు మేడలున్నాయి. మొదట్లో రెండు లక్షలుంటే గాని చేరనిచ్చేవారు కాదు. 2021 నుంచి పదిహేను వేల లోపుతో కూడా కొనవచ్చు. మేడల్లో ముక్కవాటాలమ్మే వ్యాపారాన్ని కూడా 2024లో నియమాల కిందికి తెచ్చారు. అలాగని ఇవి బ్యాంకు డిపాజిట్లు కావు సుమండీ. ధర పడచ్చు, అద్దెకున్నవాళ్ళు ఖాళీ చెయ్యచ్చు. కొనమని నేను చెప్పడం లేదు. అడగమంటున్నాను.

ఏమడగాలి? మేడ లేచిందా? అద్దెకున్నదెవరు, ఎన్నేళ్ళకి? దాని మీద అప్పెంత? నడిపేవాళ్ళు తమ సొంత డబ్బెంత పెట్టారు? వాళ్ళెప్పుడు వెళ్ళిపోతారు, వెళ్ళేనాడు నా వాటా కొనేదెవరు? నియమాల కింద రిజిస్టరయిందా? చీర కొనేటప్పుడు అంచు తిరగేసి, నూలు పోగు లాగి చూసి, తడిపితే రంగు వెలుస్తుందా అనడిగే మనకి ఈ ప్రశ్నలు పెద్ద కష్టమా?

రేపల్లె పిన్నిగారూ, ఇదీ నా జవాబు. మీవాడిది ఏ మేడో నేనడగలేదు గాని, అలాంటి మేడలకి ఇంటివారు ఒకరు కారు. ఏ దేశంలోనో రిటైరయిన టీచరమ్మ కావచ్చు, ఇన్సూరెన్సు కట్టిన జర్మనుకాయన కావచ్చు, రీటు కొనివుంటే మీ పక్కింటావిడే కావచ్చు. వాళ్ళ తరఫున పెత్తనం చేసే కంపెనీ, గడువు తీరగానే ఇంకొకరికి అప్పగించి వెళ్ళిపోతుంది. మీరడిగిన ప్రశ్న వెర్రిది కాదు. మీవాడు తెల్లమొహం వేశాడని మీరు నవ్వారు గాని, అదే ప్రశ్న ఆ టై అబ్బాయిని మా పిన్ని అడిగివుంటే, వాడూ తెల్లమొహమే వేసేవాడు. మా పిన్ని పది లక్షలూ ఈపాటికి బాపట్ల పోస్టాఫీసులో వుండేవి.